పేరు చెప్పని జబ్బు

మాది కుశనూరు. బీదరు జిల్లాలో పాత ఔరాదు తాలూకా గ్రామం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో మరాఠీ, పెద్దల కాగితాల్లో ఉర్దూ. ఇన్ని భాషలు చెవిన పడే ఊళ్ళో పుట్టి కూడా, మా పెద్దమ్మ ఏ జబ్బుతో చనిపోయిందో చెప్పే మాట మా ఇంట్లో ఏ భాషలోనూ లేకపోయింది.

పెద్దమ్మకు ముట్లుడిగి ఆరేళ్ళు దాటాక, 1980లో ఒకనాడు మళ్ళీ రక్తం కనిపించింది. "మల్ల పడుచుదాన్నయిన చూడవే" అని మా అమ్మతో అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. కొన్నాళ్ళకు తెల్లబట్ట మొదలయింది, దానితోబాటు వాసన. పెద్దమ్మ తన పక్కను తానే వసారాలోకి మార్చుకుంది. వంటింట్లోకి రావడం మానేసింది. దగ్గరి పట్నంలో ఒక డాక్టరు రక్తం ఆగడానికి సూదులు వేశాడు, బలానికి టానిక్కు రాశాడు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. లోపల పరీక్ష చేయాలని ఆయన అనలేదు. అన్నా పెద్దమ్మ ఒప్పుకుని ఉండేది కాదు. చివరకు నడుము నొప్పితో కూర్చోలేని స్థితిలో బీదరులో రైలెక్కించి హైదరాబాదు తీసుకువెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ చూసి, మా పెదనాన్నను ఒకటే మాట అడిగిందట: "ఇన్ని దినాలు ఎక్కడున్నరు?" జబ్బు అప్పటికే మూడవ దశలో ఉంది. కరెంటు పెట్టారు. కొంత తెరిపి ఇచ్చింది. 1982 సంక్రాంతికి ముందు ఆమె వెళ్ళిపోయింది. అడిగినవారందరికీ అమ్మ "కడుపు నొప్పి" అని చెప్పింది.

ఇది జరిగి నలభై ఏళ్ళు దాటింది. ఆ మధ్య మా వైపు ఆరోగ్య శిబిరం ఒకటి పెడితే నేనూ వెళ్ళాను. ఒక అమ్మాయి కన్నడంలో చక్కగా, ఓపికగా చెబుతోంది. "గర్భకంఠ" కేన్సరు గురించి అని అర్థమయింది. నా పక్కన కూర్చున్న తెలుగు ముసలమ్మ కొంగు సర్దుకుని తన గొంతు తడిమి చూసుకుంది. "నా గొంతు మంచిగనే ఉంది బిడ్డా" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. రాత్రికి మా అమ్మ, పెద్దమ్మ కలిసి నవ్విన నవ్వు గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కన్నడంలో ఆ భాగాన్ని గర్భకంఠం అంటారు. లాటిన్ పేరుకు కూడా మెడ అనే అర్థం. మరాఠీవారు గర్భాశయ ముఖం అంటారు. మన తెలుగు పత్రికలు "గర్భాశయ ముఖద్వారం" అని రాస్తాయి. మా ఊరి ఆడవాళ్ళెవరూ ఈ మాట పలకగా నేను వినలేదు. వాళ్ళనేది గర్భసంచి. దానికి మూతి ఉంటుందని మంత్రసాని కాలం నుంచీ వాళ్ళకు తెలుసు. ఈ వ్యాసంలో నేనూ "గర్భసంచి మూతి" అనే రాస్తాను. పండితులు మన్నించాలి.

ఈ జబ్బు చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. దాన్ని ఎలా పట్టుకోవాలి, ఎలా ఆపాలి అని లోకానికి తెలిసిన దానిలో కొంత మన పక్క పల్లెల ఆడవాళ్ళ వల్లనే తెలిసింది. ఉస్మానాబాదు, బీడు, మెదకు, ఖమ్మం, హైదరాబాదు. అన్నీ 1956 దాకా మనతో కలిసి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఊళ్ళే. జ్ఞానం మన చుట్టూ పుట్టింది. మన గడప మాత్రం దాటి రాలేదు.

ముందు జబ్బు సంగతి. గర్భసంచి మూతి దగ్గర రెండు రకాల కణాలు కలుస్తాయి. బయటి వైపున చేప పొలుసుల్లా పరచుకున్న కణాలు, లోపలి సన్నని దారిలో జిగురు ఊరే గ్రంథుల కణాలు. ఈ రెండూ కలిసే పొలిమేరలోనే కేన్సరు ఎక్కువగా పుడుతుంది. పొలుసు కణాలలో పుట్టేది ఒక రకం. మన దేశంలో కనిపించే వాటిలో చాలా భాగం ఇదే. గ్రంథి కణాలలో పుట్టేది రెండవ రకం. ఇది తక్కువగానే వస్తుంది గాని, లోపలి దారిలో దాగి ఉంటుంది కనుక పైపై పరీక్షలకు సులభంగా చిక్కదు. రెండూ కలగలసినవి, మరీ అరుదైనవి ఇంకొన్ని ఉన్నాయి.

పొలుసు కణాల కేన్సరు ఒక్కరోజులో రాదు. ముందు కణాలు కొద్దిగా రూపు మారతాయి. ఆ మార్పు చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. కొందరిలో నిలిచి ముదురుతుంది. అసలు కేన్సరు కావడానికి సాధారణంగా పది, ఇరవై ఏళ్ళు పడుతుంది. మా పెద్దమ్మ 1980లో చూసిన రక్తం వెనక కనీసం పదేళ్ళ కథ ఉండి ఉంటుంది. ఆ పదేళ్ళలో ఏ ఒక్కనాడు చూసినా, ఆ మచ్చను గడ్డకట్టించో కాల్చో తీసివేసి ఇంటికి పంపేవారు. ఇంత నిదానంగా, ఇన్నిసార్లు అవకాశం ఇచ్చి వచ్చే కేన్సరు మరొకటి అరుదు.

దీని మూలం కనుక్కోవడానికి మనుషులకు దాదాపు నూటయాభై ఏళ్ళు పట్టింది. ఇటలీలో రిగోనీ స్టెర్న్ అనే వైద్యుడు వెరోనా నగరపు 1760 నుంచి 1839 దాకా మరణాల లెక్కలు తిరగేసి 1842లో ఒక విషయం బయటపెట్టాడు. గర్భసంచి కేన్సరు పెళ్ళయినవారిలో, వితంతువులలో ఎక్కువ, సన్యాసినులలో చాలా తక్కువ. కాపురానికీ ఈ జబ్బుకూ ఏదో సంబంధం ఉందని అప్పుడే తేలింది. అది ఏమిటో తేలేలోగా ఎన్నో అపవాదులు పుట్టాయి. 1983లో జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ కేన్సరు ముక్కల్లో హెచ్.పి.వి. అనే వైరస్ 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఈ వైరస్ కాపురం చేసే ఆడా మగా ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. చాలామందిలో ఏడాది, రెండేళ్ళలో పోతుంది. పోకుండా ఏళ్ళ తరబడి నిలిచినవారిలోనే ప్రమాదం. గడప దాటని ఇల్లాలికీ భర్త ద్వారా రావచ్చు. ఇందులో శీలానికి సంబంధించినది ఏమీ లేదు. ఈ సంగతి తెలియకనే మా అమ్మ "కడుపు నొప్పి" అని చెప్పవలసి వచ్చింది.

వైరస్ దొరకకముందే పరీక్ష దొరికింది. గ్రీసు దేశంలో పుట్టి న్యూయార్కులో పనిచేసిన పాపనికొలౌ, మూతి దగ్గరి జిగురును గాజు పలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే చెడిన కణాలు కనబడతాయని 1928లో చెప్పాడు. 1943లో ట్రాట్‌తో కలిసి పుస్తకం వేశాక లోకం నమ్మింది. ఆయన పేరులో మొదటి అక్షరాలే పాప్ పరీక్ష. ఈ పరీక్షను ఊరూరా, క్రమం తప్పకుండా చేయగలిగిన సంపన్న దేశాల్లో చావులు బాగా తగ్గాయి. మనలాంటి చోట పలకలు చదివే నిపుణులు లేక, ఒకసారి వచ్చిన మనిషిని మళ్ళీ రప్పించే ఏర్పాటు లేక అది పట్నాల్లోనే ఉండిపోయింది.

కేన్సరు రకాల సంగతికి వస్తే ఒక నల్లజాతి స్త్రీని తలచుకోకుండా ఉండలేం. హెన్రియెటా లాక్స్ 1951లో అమెరికాలోని బాల్టిమోరులో ఈ జబ్బుతోనే మరణించింది. అప్పటికి ఆమెకు 31 ఏళ్ళు. ఆమె గడ్డలోంచి తీసిన కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూ పోయాయి. నేటికీ లోకమంతటా వైద్య పరిశోధనలకు వాడుతున్నారు. ఆ కణాలు తీసుకుంటున్నామని ఆమెకు గాని ఇంటివారికి గాని ఎవరూ చెప్పలేదు. అప్పట్లో పొలుసు కణాల రకం అనుకున్నది, 1970ల మొదట్లో తిరిగి చూస్తే గ్రంథి కణాల రకమని తేలింది. ఆ కణాల్లో 18వ రకం వైరస్ కూడా కనిపించింది. అడగకుండా తీసుకోవడం అనే ఈ విషయం మళ్ళీ మన ఖమ్మం దగ్గర వస్తుంది.

మన తెలుగు ప్రాంతంలో ఏ రకాల వైరస్ ఉందో చూసిన అధ్యయనం ఒకటి 2005లో ప్రచురితమైంది. పొలుసు కణాల కేన్సరు వచ్చిన 41 మంది ఆంధ్రప్రదేశ్ స్త్రీల ముక్కలు పరీక్షిస్తే 36 మందిలో వైరస్ దొరికింది. ఆ 36 మందిలో మూడింట రెండు వంతులది 16వ రకం, దాదాపు అయిదింట ఒక వంతు 18వ రకం. జబ్బు లేని స్త్రీలలో ప్రమాదకరమైన రకాలు సుమారు నూటికి పది మందిలో కనిపించాయి. ఈ లెక్క చిన్నదే. కాని దాని అర్థం పెద్దది. 16, 18 రకాలను ఆపే టీకా ఒకటి వస్తే, అది మన ఆడపిల్లలకు కూడా పనికివస్తుందన్న మాట.

ఇక మన పాత పటం తీద్దాం. 1956 నవంబరు 1 దాకా బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆనాడు జిల్లానే మూడు ముక్కలయింది. ఉద్గీరు, నీలంగా, అహ్మదుపూరు తాలూకాలు మరాఠీవైపు, అంటే అప్పటి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళాయి. నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతాలు తెలుగువైపు మెదకు జిల్లాలో కలిశాయి. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, మా ఔరాదు మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. భాషల వారీగా రాష్ట్రాలు కావడం న్యాయమే. అయితే గీత గీసిన చోట ఎవరో ఒకరు గీతకు అవతల మిగులుతారు. అలా మిగిలినవాళ్ళం మనం.

మెహదీ నవాజ్ జంగ్ పేరిట హైదరాబాదులో కేన్సరు ఆస్పత్రి 1955లో వెలిసింది. అప్పటికి అది మన రాష్ట్రపు ఆస్పత్రే. మరుసటి ఏడు పొరుగు రాష్ట్రపు ఆస్పత్రి అయింది. మన రాజధాని బెంగుళూరులో కిద్వాయి సంస్థ 1973లో వచ్చింది. బీదరు నుంచి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు, బెంగుళూరు దాదాపు 700. రక్తం పోతున్న ఆడది ఎటు వెళుతుంది? తరువాత కలబురగిలో కిద్వాయి శాఖ వచ్చింది. 2010లో పేదల కోసం వాజపేయి ఆరోగ్యశ్రీ పథకం మొదట గుల్బర్గా విభాగంలోనే మొదలయింది. ఇవి మంచి పనులే. కాని పథకాల కార్డులు జబ్బు ముదిరాక పనికివస్తాయి. జబ్బు ముదరకముందు కావలసింది మాట.

మాట ఎంత పని చేస్తుందో చూపినది బార్శీ. షోలాపూరు జిల్లాలోని ఆ చిన్న పట్నంలో నర్గీస్ దత్ పేర కేన్సరు ఆస్పత్రి ఉంది. దేశంలో మొదటి గ్రామీణ కేన్సరు నమోదు కేంద్రం 1987లో అక్కడే మొదలయింది. బార్శీతోబాటు ఉస్మానాబాదు జిల్లాలోని పరండా, భూమ్ తాలూకాల పల్లెలు దాని కిందివి. పట్నాల్లో ఆస్పత్రి రికార్డులు చూస్తే లెక్క వస్తుంది. పల్లెల్లో ఆస్పత్రికి వెళ్ళేవారేరి? అందుకని ఉద్యోగులే ఊరూరూ తిరిగారు. రచ్చబండ దగ్గర కూర్చున్నారు. ఇలా రక్తం పోతే, ఇలా తెల్లబట్ట అయితే చూపించుకోండి అని మరాఠీలో, వాళ్ళ మాటల్లో చెప్పారు. బొంబాయి నగర స్త్రీలలో రొమ్ము కేన్సరుది మొదటి స్థానమైతే, ఇక్కడ గర్భసంచి మూతి కేన్సరుదే మొదటి స్థానమని తేలింది. ఇంకో సంగతి కూడా తేలింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆడవాళ్ళు జబ్బు తొలి దశల్లోనే రావడం పెరిగింది, బతికేవారూ పెరిగారు. అప్పటికి ఊళ్ళలో పరీక్షలు పెట్టలేదు, కొత్త మందులూ పంచలేదు. మాట చెప్పారు, అంతే.

ఆ నమ్మకంతోనే 1999 అక్టోబరులో ఉస్మానాబాదు జిల్లాలో పెద్ద అధ్యయనం మొదలయింది. ఫ్రాన్సులోని లియోన్‌లో ఉన్న అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ, బొంబాయి టాటా స్మారక కేంద్రం, బార్శీ ఆస్పత్రి కలిసి చేశాయి. డాక్టర్ శంకరనారాయణన్ ముఖ్య పరిశోధకుడు. 30 నుంచి 59 ఏళ్ళ లోపు 1,31,746 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలు. ఊళ్ళను నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు వైరస్ పరీక్ష, ఒకదానికి పాప్ పరీక్ష, మరొకదానికి సిర్కా పరీక్ష. మనం సిర్కా అనే దాన్నే పలుచగా మూతికి అద్దితే, చెడిన చోటు తెల్లగా తేలుతుంది. నాలుగవ గుంపుకు ఏ పరీక్షా లేదు. అప్పట్లో మామూలుగా అందే వైద్యమే.

2009లో ఫలితాలు వచ్చాయి. వైరస్ పరీక్ష గుంపులో 34,126 మంది ఉంటే 34 మంది ఈ కేన్సరుతో మరణించారు. ఏ పరీక్షా లేని గుంపులో 31,488 మంది ఉంటే 64 మంది. ముదిరిన జబ్బు మొదటివారిలో 39 మందికి, రెండవవారిలో 82 మందికి. జీవితంలో ఒకే ఒక్కసారి చేసిన పరీక్షతో చావులు దాదాపు సగమయ్యాయి. మిగతా రెండు పరీక్షల గుంపుల్లో అంత తేడా కనబడలేదు. అయితే తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సులు సిర్కా పరీక్ష చేస్తే చావులు మూడవ వంతుకు పైగా తగ్గాయని 2007లోనే వెల్లడయింది. కనుక చేతిలో ఏ పరీక్ష ఉంటే ఆ పరీక్ష జాగ్రత్తగా చేయడం, ఏమీ చేయకపోవడం కంటే మేలు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ళు దాటినవారికి వైరస్ పరీక్షనే ముందుగా సూచిస్తోంది. ఆ సూచన వెనక ఉన్న ఆధారాల్లో ఉస్మానాబాదు పల్లెల ఆడవాళ్ళది ముఖ్యమైన స్థానం.

ఆ 64 మంది సంగతి మాత్రం నన్ను వదలదు. పరీక్ష పనికివస్తుందని ముందే తెలిసినప్పుడు కొందరిని పరీక్ష లేకుండా ఉంచడం న్యాయమా అని తరువాత కొందరు వైద్యులు గట్టిగా ప్రశ్నించారు. దేశంలో ఎక్కడా పరీక్షే లేనప్పుడు, మామూలుగా జరిగేదానితోనే పోల్చి చూశాం అని పరిశోధకులు జవాబిచ్చారు. ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పే చదువు నాకు లేదు. మా పెద్దమ్మ కూడా పరీక్ష లేని గుంపులోని మనిషే. ఆమెను ఏ అధ్యయనమూ అందులో వేయలేదు. బీదరు, ఔరాదు, నారాయణఖేడు అంతా పేరు లేని నాలుగవ గుంపే. ఆ తప్పు పరిశోధకుల మీద వేసి మనం చేతులు దులుపుకోలేం.

పరీక్ష రాని చోటికి భయం వచ్చింది. ఇది ఈ చరిత్రలో మరింత బాధాకరమైన పుట. తెల్లబట్ట అవుతోందని వెళ్ళిన స్త్రీకి మాత్రలతో తగ్గే జబ్బే ఎక్కువసార్లు ఉంటుంది. "మూతికి పుండు పడింది, తీసేయకపోతే కేన్సరు అవుతుంది" అని చెప్పి గర్భసంచి తీసేయడం మన చుట్టుపక్కల మామూలయిపోయింది. మెదకు జిల్లాలో అవసరం లేకుండా జరిగిన ఇటువంటి ఆపరేషన్లను హైదరాబాదు వైద్యులు కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ దంపతులు పరిశీలించి 2009 ప్రాంతంలో బయటపెట్టారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మన తెలుగు రాష్ట్రాల్లోనే. అటు బీడు జిల్లాలో చెరకు నరకడానికి వలస వెళ్ళే 82,309 మంది స్త్రీలలో 13,861 మందికి గర్భసంచి లేదని 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన సంఘం తేల్చింది. ముట్టు వచ్చిన రోజు పని మానితే కూలీ పోయి, ముకద్దంకు జరిమానా కట్టాలి. ఆ లెక్కకు కేన్సరు భయం తోడయింది.

ఇప్పుడు ఇంకో అంకె పక్కన పెట్టి చూడండి. 2019-21 సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ కేన్సరు పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. మన కర్ణాటకలో నూటికి ఒక్కరు కూడా లేరు. తమిళనాడు ఒక్కటే నూటికి దాదాపు పదికి చేరింది. వయసుల లెక్క వేరు కనుక రెండు సర్వేలనూ నేరుగా పోల్చకూడదు. అయినా విషయం దాగదు. పరీక్ష చేయించుకున్నవారి కంటే సంచి తీయించుకున్నవారు ఎక్కువగా ఉన్న నేల మనది. ఏటా దేశంలో 1,27,000 మందికి పైగా ఈ కేన్సరు వస్తోందని, దాదాపు 80,000 మంది చనిపోతున్నారని 2022 అంచనా.

చివరి పుట ఖమ్మం. 1953 దాకా వరంగల్లులో భాగమై ఉన్న జిల్లా. 2009 జులైలో ఒక అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అక్కడి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్.పి.వి. టీకా మొదలుపెట్టాయి. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. ఆంధ్రలో అయిదు, అదే పని జరిగిన గుజరాత్‌లో రెండు మరణాలు. ఒకరు నీళ్ళలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇలా కారణాలు వేరని, టీకాతో సంబంధం ఉన్నట్టు లేదని విచారణ సంఘం చెప్పింది. కాని అనుమతి పత్రాల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవని, 1,948 మీద వేలిముద్రలని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఉంది. తల్లిని అడగలేదు. అడిగినచోట ఆ తల్లికి అర్థమయ్యే మాటలో చెప్పారా అన్నది తేలలేదు. మంచి మందును కూడా అడగకుండా ఇస్తే అది అనుమానమవుతుందని ఖమ్మం నేర్పింది.

దీనికి ఒక విచిత్రమైన ముగింపు ఉంది. అదే సమయంలో బార్శీతో సహా దేశంలో పలుచోట్ల ఇంకో టీకా అధ్యయనం నడుస్తోంది. ఖమ్మం గొడవతో అదీ ఆగిపోయింది. రెండు, మూడు మోతాదులు తీసుకోవలసిన పిల్లల్లో దాదాపు 5,000 మందికి ఒక్క మోతాదే అందింది. ఏళ్ళ తరబడి వాళ్ళను గమనిస్తే, ఆ ఒక్కటే 16, 18 రకాల నుంచి ఇంచుమించు అంతే కాపు ఇచ్చిందని 2021లో తేలింది. ఇటువంటి ఆధారాల మీదనే 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు కూడా చాలునంది. అదే ఏడు పుణె సీరం సంస్థ తయారుచేసిన స్వదేశీ టీకాకు అనుమతి వచ్చింది. స్కాట్లండులో 12, 13 ఏళ్ళకే పూర్తిగా టీకా వేయించుకున్న పిల్లల్లో ఈ కేన్సరు ఒక్కరికీ రాలేదని 2024లో ప్రకటించారు.

ఇంత చరిత్ర చెప్పి నేను అడిగేది చిన్నదే. మన సంఘాల వారు ఉగాదికి కవి సమ్మేళనం పెడతారు. వెనక వరుసల్లో మన అక్కలు, వదినలు, అత్తలు కూర్చుంటారు. ఆనాడు అరగంట ఒక లేడీ డాక్టరునో, నర్సమ్మనో పిలిచి తెలుగులో నాలుగు మాటలు చెప్పించండి. ముట్లుడిగాక రక్తం కనబడితే అది పడుచుదనం కాదు, వెంటనే చూపించుకోవాలి. కాపురం తరువాత రక్తం కనబడినా, తెల్లబట్ట వాసన వేసినా అంతే. ఏ బాధా లేకపోయినా 30 దాటినవారు ఒకసారి పరీక్ష అడిగి చేయించుకోవాలి. పరీక్ష చేయకుండా సంచి తీసేస్తామంటే, ఎందుకు అని అడిగి, ఇంకో డాక్టరుకు చూపించుకోవాలి. ఆడపిల్లకు టీకా వేయించేముందు అది ఏమిటో తల్లికి తెలియాలి.

మీ మీ ప్రాంతాల్లో, బళ్ళారిలో గాని, హోసూరులో గాని, షోలాపూరులో గాని, ఒరిస్సా సరిహద్దున గాని, ఈ భాగాన్ని, ఈ బాధను మన ఆడవాళ్ళు ఏ మాటతో చెప్పుకుంటారో పత్రికకు రాసి పంపండి. పెద్దలు మొరటు మాటలంటారేమో, అననివ్వండి. మా అమ్మకు ఆ మాట దొరికి ఉంటే, 1980లో ఆమె నవ్వకుండా అక్కను రైలెక్కించి ఉండేది.